తాత ఫొటో చూసి తుపాకి కొనొద్దు

పోయిన దసరాకు మా తాత ఫొటో ఒకటి ఇక్కడ పెట్టినాము. కోలారు బంగారు గనుల క్వార్టర్సు ముందర నిలబడి ఉంటాడు. ఖాకీ నిక్కరు, మోకాళ్ల దాకా మేజోళ్లు, చేతిలో రైఫిలు, కాళ్ల దగ్గర చుక్కల దుప్పి. మన ఇండ్లవాళ్లు చానామంది చూసి సంతోషపడినారు. "మన వంశం పౌరుషం" అని ఒకరు, "ఆ కాలం మనుషులే వేరు" అని ఇంకొకరు రాసినారు. నేను చదివి ఊరుకున్నాను.

ఇప్పుడు ఊరుకోడానికి లేదు. పెన్సిల్వేనియాలో ఉండే మా తమ్ముడి కొడుకు పోయిన నెల ఫోను చేసినాడు. "పెదనాన్నా, గ్రీన్ కార్డు వచ్చేసింది, వేట క్లాసు కూడా పాసైనాను. నవంబరు ఆఖర్లో జింకల సీజను మొదలవుతుంది. ముత్తాత చేతిలో ఉండే తుపాకే నాకూ కావాల. అదే మోడలో చెప్పు, ఇక్కడ వెదికి కొంటాను" అన్నాడు.

మోడలు చెప్పడం అర నిమిషం పని. వించెస్టర్ 94, థర్టీ-థర్టీ తూటా. చెప్పినాను. ఆ వెంటనే "అది మాత్రం కొనొద్దు" అని కూడా చెప్పినాను. వాడికి కోపం వచ్చింది. వాడితో పాటు అమెరికాలో ఉండే మన పిల్లలు ఇంకో ఇద్దరు ముగ్గురు ఇదే మాట అడుగుతా ఉన్నారని తెలిసింది కాబట్టి, నా కారణాలు అందరికీ తెలిసేలా రాస్తాను.

ముందు ఆ తుపాకి సంగతి. ట్రిగ్గర్ చుట్టూ ఉండే ఇనుప కడియం కిందికి ఒక మీటలాగా సాగి ఉంటుంది. దాన్ని కిందికి తోసి పైకి లాగితే కాల్చిన ఖాళీ తూటా బయటికి ఎగిరిపోతుంది, కొత్త తూటా లోపలికి వస్తుంది. అందుకే దాన్ని లీవర్ యాక్షన్ అంటారు. జాన్ బ్రౌనింగ్ అనే ఆయన గీసిన నమూనా ఇది. తుపాకి 1894లో వచ్చింది, పొగ రాని మందుతో చేసిన థర్టీ-థర్టీ తూటా దానికి 1895లో వచ్చింది. మూడు కిలోల బరువు, 20 అంగుళాల గొట్టం, పలచటి ఒళ్లు. గుర్రం మీద జీనుకు కట్టుకొనేదానికీ, చెట్ల మధ్య దూరి నడిచేదానికీ అనువుగా ఉంటుంది. అట్లాంటివి 70 లక్షలకు పైగా తయారు చేసి అమ్మినారు. అమెరికాలో జింకల తుపాకి అంటే చానాకాలం ఇదే.

మా తాతకు అది ఎట్లా వచ్చిందంటే, ఆయన గనుల్లో స్టోర్సు గుమాస్తా. 1956లో మైసూరు ప్రభుత్వం గనుల్ని తీసుకొన్నాక దొరలు ఒక్కొక్కరే ఇల్లు సర్దుకొని పోయినారు. బీరువాలు, గ్రామఫోన్లు, కుక్కలు ఎవరెవరికో ఇచ్చిపోయినట్టే, ఒక దొర ఈ రైఫిలును లైసెన్సు మార్పించి తాతకు అమ్మిపోయినాడు. దాంతో పాటు రెండున్నర డబ్బాల తూటాలు, అంటే యాభై. అవి అయిపోతే మళ్లీ దొరికేది కష్టం. కాబట్టి తాత ఆ యాభై తూటాల్నీ బంగారం మాదిరి దాచుకొన్నాడు. ఫొటో తీసింది ఆ మొదటి ఏడాదే. అప్పట్లో లైసెన్సు మీద వేటకు అనుమతి ఉండేది.

ఫొటోలో లేని కథ మా నాయన చెప్పినాడు. అప్పుడు ఆయనకు పద్నాలుగేండ్లు. కామసముద్రం వైపు అడివిలో ఒక సాయంకాలం తాత వెంట పోయినాడంట. చెరువుకు అవతలి గట్టున దుప్పి నీళ్లు తాగతా ఉంది. వెలుతురు తగ్గిపోతా ఉంది. దూరం నూటయాభై గజాల పైనే. తాత కాల్చినాడు. తూటా కడుపులో తగిలింది. దుప్పి కూలిపోలా, పొదల్లోకి పరిగెత్తింది. లాంతరు పట్టుకొని నెత్తురు చుక్కలు చూసుకుంటా నడిరాత్రి దాకా వెదికినారు. దొరకలేదు. తెల్లవారి మళ్లీ పోయి చూస్తే నక్కలు వెనక తొడల దగ్గర మొదలుపెట్టేసినాయి. దుప్పికి ఇంకా ఊపిరి ఉంది.

"మీ తాత ఇంకో తూటా పెట్టి దాని బాధ తీర్చినాడు. ఇంటికొచ్చి రెండు దినాలు ఎవరితోనూ మాట్లాడలా" అని నాయన చెప్పేవాడు. ఆ మాంసం ఇంటికి తేలేదు.

ఆ తర్వాత తాత ఒక పని చేసినాడు. ముత్తుగాకు విస్తరి ఒకటి చెట్టుకు కొట్టి, అరవై అంగల దూరం నుంచి రెండు తూటాలు, ఎనభై నుంచి రెండు, వంద నుంచి రెండు కాల్చి చూసుకొన్నాడు. ఎనభై దాకా అన్నీ విస్తరిలో పడినాయి. వందలో ఒకటి పక్కకు పోయింది. దొరికేది కష్టమైన తూటాలు ఆరు అట్లా ఆకు మీద ఖర్చు పెట్టినాడు. అప్పటినుంచి ఎనభై అంగలు దాటితే తుపాకి ఎత్తలేదు. ఫొటో కూడా ఇంకొకటి తీయించుకోలేదు.

ఈ కథ తెలిసినవాణ్ణి కాబట్టి, తమ్ముడి కొడుకు "అదే తుపాకి" అంటే నాకు దుప్పి గుర్తొచ్చింది. తుపాకి ఎంచుకొనేటప్పుడు దాని మీద ఉండే పేరు కాదు చూడాల్సింది. దాని హద్దు ఎంత, నీ హద్దు ఎంత అనేది చూడాల. ఆ లెక్కన వాడికి నేను చెప్పిన సలహా ఇది.

థర్టీ-థర్టీ తూటా మంచిదే. భుజానికి పెద్ద దెబ్బ ఉండదు, కొత్తవాడు ఉలిక్కిపడి గురి తప్పే భయం తక్కువ. కానీ అది దూరం పోయే తూటా కాదు. 100 గజాలకు గురి సరిచేసి పెట్టుకొంటే, 200 గజాల దగ్గర ఏడెనిమిది అంగుళాలు కిందికి దిగిపోతుంది. అక్కడి తెల్లతోక జింకకు గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు మొత్తం ఎనిమిది అంగుళాలే. ఆ రెండు అంకెల్ని పక్కపక్కన పెట్టి చూడు నాయనా. గుండెకు పెట్టిన గురి కాలికి తగులుతుంది. కాబట్టి ఆ తూటాతో 150 గజాలు అంటే బాగా సాధన చేసినవాడి మాట.

ఇంకొకటి. ఈ తుపాకుల్లో తూటాలు గొట్టం కింద ఉండే ఇంకో గొట్టంలో ఒకదాని వెనక ఒకటి వరసగా ఉంటాయి. వెనకదాని మొన ముందుదాని అడుగున, నిప్పు పుట్టే చోట ఆనుకొని ఉంటుంది. మొన సూదిగా ఉంటే అదిరినప్పుడు అక్కడే పేలే ప్రమాదం ఉంది. అందుకే చదును మొనవి, లేదా ఇలాంటి తుపాకుల కోసమే మెత్తటి ప్లాస్టిక్ మొనతో చేసినవి మాత్రమే వాడాల. దుకాణంలో చవగ్గా దొరికిందని వేరేవి నింపకూడదు.

ఇక మోడళ్లు. వించెస్టర్ 94 చేతికి ఇంపైనది, ఆ మాట నిజమే. కానీ పాతవాటిలో ఖాళీ తూటా నేరుగా పైకి ఎగురుతుంది. అందువల్ల పైన నడిమధ్య స్కోపు బిగించేదానికి లేదు. 1980లలో పక్కకు ఎగిరేటట్టు మార్చినారు. 1964లో ఖర్చు తగ్గించేదానికి లోపలి భాగాలు మార్చేసినారు కాబట్టి, అంతకు ముందువి కావాలని సేకరణదారులు ఎగబడి ధర పెంచేసినారు. న్యూ హేవెన్‌లో తయారీ 2006లో ఆగిపోయింది. ఇప్పుడు అదే పేరుతో వచ్చేవి జపాన్‌లో తయారవుతాయి. పనితనం బాగుంటుంది. అయినా మావాడు వెదికేది తాత చేతిలోదాని మాదిరి పాతది. అంత డబ్బు పోసి కొన్నదాన్ని వానలో, మంచులో అడివికి తీసుకుపోయేదానికి మనసు ఒప్పుతుందా? గోడకు తగిలించుకొంటాడు. గోడకు తగిలించేదానికైతే ఫొటో చాలు.

సావేజ్ 99 ఇంకో అందమైన తుపాకి. దీంట్లో తూటాలు గుండ్రంగా తిరిగే గూటిలో కూర్చుంటాయి కాబట్టి సూది మొనవి కూడా వాడుకోవచ్చు, ఇంకొంచెం దూరం గురి పెట్టొచ్చు. కానీ తయారీ నిలిచిపోయి పాతికేండ్లు దాటింది. ఏదైనా విరిగితే విడిభాగాలకు తిరగాల. తుపాకి పని తెలిసిన స్నేహితుడు పక్కన ఉంటే తప్ప మొదటి తుపాకిగా వద్దు.

నేను చెప్పింది మార్లిన్ 336. అదీ థర్టీ-థర్టీలోనే. 1948 నుంచి ఉంది. ఖాళీ తూటా పక్కకు పోతుంది, పైభాగం మూసి గట్టిగా ఉంటుంది, స్కోపు బిగించుకోవచ్చు. పాతది కొనేవాళ్లు గొట్టం మీద జే, ఎమ్ అక్షరాల చిన్న ముద్ర కోసం చూస్తారు, అవి పాత ఫ్యాక్టరీవి. 2007 తర్వాత కంపెనీ చేతులు మారిన కొత్తల్లో వచ్చినవాటి మీద వాడినవాళ్లు చానా ఫిర్యాదులు చేసినారు కాబట్టి ఆ ఏండ్లవి చూసి కొనాల. 2020లో రూగర్ వాళ్లు ఆ కంపెనీని కొన్నారు. 2023 నుంచి 336 మళ్లీ కొత్తగా వస్తా ఉంది.

"స్కోపు పెడితే పాతకాలం అందం పోతుంది కదా పెదనాన్నా" అన్నాడు. నిజమే, పోతుంది. ముందర చిన్న మొన, వెనక గాడి పెట్టి సాయంకాలం మసక వెలుతురులో గురి చూసింది మా తాతే. ఏమైందో పైన రాసినాను. పెద్దగా చూపించే స్కోపు అక్కర్లేదు, రెండు మూడు రెట్లది చాలు. అదీ వద్దంటే వెనక గాడి బదులు చిన్న రంధ్రంలోంచి చూసే రకం పెట్టించుకోమన్నాను. కంటికి సులువు.

అసలు కొత్తవాడికి బోల్టు రైఫిలు, మంచి స్కోపు ఇంకా తేలిక కదా అని ఎవరైనా అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. పొలాల అంచున కూర్చొని దూరంగా కాల్చేవాడికి నేనూ అదే చెప్తాను. మావాడు పోయేది దట్టమైన చెట్ల అడివి. అక్కడ వంద గజాల అవతల ఏమీ కనిపించదు. పెన్సిల్వేనియాలో జింకల వేటకు తనంతట తాను నిండే సెమీ ఆటోమేటిక్ రైఫిలుకు అనుమతి లేదు. కాబట్టి తేలికగా, పొట్టిగా, రెండో తూటా త్వరగా అందే లీవర్ తుపాకికి అక్కడ స్థానం ఉంది. అదే పక్కన ఒహాయోలో ఉండే మన పిల్లలైతే థర్టీ-థర్టీ పనికిరాదు. అక్కడ పైనుంచి కిందిదాకా ఒకే మందం ఉండే తూటాలకే జింకల వేటలో అనుమతి. ఒక రాష్ట్రంలో అడిగి ఇంకో రాష్ట్రంలో కొనొద్దు.

వీసా సంగతి కూడా చెప్పాల. హెచ్-1బి మాదిరి వీసా మీద ఉండేవాళ్లు అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకి గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోకూడదు. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు ఉంటే దానికి మినహాయింపు ఉంది. లైసెన్సు గడువు దాటితే ఆ మినహాయింపు కూడా పోతుంది. ఆఫీసులో స్నేహితుడు పిలిచినాడని రేంజికి పోయి చేతిలోకి తీసుకొనే ముందు ఇది తెలుసుకోవాల. ఒక్క పొరపాటుతో ఇన్నేండ్లు కట్టుకొన్న బతుకు పోతుంది. నేను ఆరు నెలలు అక్కడ ఉన్నప్పుడు మావాడి వెంట దుకాణానికీ, రేంజికీ పోయినాను. విజిటర్ వీసావాణ్ణి కాబట్టి చేతులు వెనక్కి కట్టుకొని చూసినాను. చూసేదానికి వీసా అడ్డం రాదు.

రేంజిలో చూసినదాంట్లో నాకు నచ్చింది ఒకటి ఉంది. అక్కడి పాత వేటగాళ్లు కూడా కాగితం భోజనం ప్లేటు ఒకటి కట్టి దాని మీద కాలుస్తారు. అయిదు తూటాలూ ప్లేటులో పడే దూరమే నీ దూరం, దాటితే కాల్చొద్దు అంటారు. కామసముద్రం అడివిలో ముత్తుగాకు విస్తరి, పెన్సిల్వేనియాలో కాగితం ప్లేటు. లెక్క ఒకటే.

తుపాకి ఖాళీ చేసేటప్పుడు జాగ్రత్త కూడా ఈ రకానికి ఎక్కువ కావాల. చాలావాటిలో ప్రతి తూటానూ లోపలికి తెచ్చి బయటికి తీయాల్సి వస్తుంది. ఆ సేపంతా గొట్టం నేలవైపు, వేలు ట్రిగ్గర్‌కు దూరంగా ఉండాల. చలికి మొద్దుబారిన బొటనవేలితో సుత్తిని మెల్లగా దించేటప్పుడు జారితే పేలుతుంది. కూర్చొనే చోటికి చేరిందాకా తూటా లోపల పెట్టకుండా ఉండడమే మేలు.

ఇంతవరకూ తుపాకి మాట. అసలు వేటకు పోవచ్చా అని మా ఇంట్లోనే గొడవ ఉంది. మా కోడలు "మనకు ఆ పాపం ఎందుకు మామా" అంటుంది. కృష్ణజింకను రాష్ట్ర జంతువుగా పెట్టుకొన్న నేల పక్కనే పుట్టి పెరిగినవాళ్లం మనం. ఆమె మాట కొట్టేయలేను. కానీ అక్కడి లెక్క వేరు. పోయిన శతాబ్దం మొదట్లో పెన్సిల్వేనియాలో జింకలు దాదాపు మాయమైపోయి, బయటి రాష్ట్రాల నుంచి తెచ్చి వదలాల్సి వచ్చింది. థర్టీ-థర్టీ తూటా పుట్టిన 1895లోనే అక్కడి వన్యప్రాణి కమిషనూ పుట్టింది. చంపే పనిముట్టు ఎంత సులువైందో, ఆపే కట్టుబాటు అంత గట్టిపడింది. సీజను, లైసెన్సు, లెక్క పెట్టి ఇచ్చే ట్యాగులు, ఒంటి మీద నారింజ రంగు బట్ట. రైఫిళ్ల మీద, తూటాల మీద 11 శాతం పన్ను 1937 చట్టం ప్రకారం వన్యప్రాణుల పనికి పోతుంది. ఇప్పుడు జింకలు ఎక్కువై రోడ్ల మీద కార్లకు అడ్డం పడతా ఉన్నాయి. మావాడు తెచ్చిన మాంసం తింటాడు, మిగిలింది పేదలకు ఇచ్చే ఏర్పాటు కూడా అక్కడ ఉంది. జబ్బు పరీక్ష చేయించి తినాలని, తూటా తగిలిన చోటు చుట్టూ మాంసం కోసి పారేయాలని చెప్పినాను. దుకాణంలో మటన్ కొని తినే నేను వాణ్ణి తప్పుపట్టలేను.

నేను ఒప్పుకోనిది ఒకటే. దాన్ని "మన వారసత్వం" అనడం. మన దేశంలో 1972 చట్టం వచ్చింది, 1991 సవరణతో మిగిలిన వేట లైసెన్సులు కూడా పోయినాయి. తాత ఒక్క మాట అనకుండా తుపాకి బీరువాలో పెట్టేసినాడు. ఆ తర్వాత అది ఏడాదికొకసారి ఆయుధపూజకు కొడవళ్ల పక్కన, కుట్టుమిషను పక్కన కుంకుమ పెట్టించుకొనేది. ఎన్నికలు వచ్చినప్పుడల్లా స్టేషనుకు పోయి వచ్చేది. నాయన పోయినాక అన్నదమ్ములం ముగ్గురిలో ఎవరమూ లైసెన్సు అడగలేదు, అప్పజెప్పేసినాము. ఆ దినం నాకు ఏడుపు రాలేదు. మన ఊరు కాని ఊళ్లో నాలుగు తరాలుగా ఉంటా, ఇంట్లో తెలుగు నిలుపుకొన్నాము, ఉగాది పచ్చడి నిలుపుకొన్నాము. అట్లా నిలుపుకోవాల్సినవాటిలో ఆ ఇనుము లేదు. ఎనభై అంగల లెక్క మాత్రం ఉంది. ఆ లెక్క తెలియకుండా తుపాకి ఒక్కటే కొనేవాడు తాత దగ్గర నుంచి తీసుకొన్నది ఏమీ లేదు.

మావాడు నిన్న మళ్లీ ఫోను చేసినాడు. మార్లిన్ చూసినాడంట, ఇంకా కొనలేదంట. "ఎనభై అంగలంటే ఎన్ని గజాలు పెదనాన్నా?" అని అడిగినాడు. అది మీ ముత్తాత దూరంరా, నీది నువ్వు ప్లేటు కట్టి తేల్చుకో అన్నాను. నవంబరు లోపల తేల్చి చెప్తానన్నాడు. ఆ అంకె వచ్చినాక ఇక్కడ వేస్తాము. ఫొటో అక్కర్లేదు.